పట్టుబడికి తొందరెందుకు?

సంధులూ సమాసాలూ చెప్పుకొని బ్రతికిన పంతులు వ్యాపారవిద్య గురించి వ్రాయడమేమిటని నవ్వుకోకండి. మొగల్తూరులో పంతులుకు పదవీ విరమణ ఉన్నది గాని, సలహా అడుగవచ్చేవారికి లేదు.

మొన్న నా పూర్వవిద్యార్థి, నేడు రొయ్యల చెరువుల ఆసామి, కూతుర్ని వెంటబెట్టుకొని వచ్చాడు. అమ్మాయిది ఇంజనీరింగు చివరి సంవత్సరం. చదువు పూర్తికాకమునుపే ఉద్యోగం ఖాయమయింది. తండ్రికి అది రుచించలేదు. "ఈ నవంబరులోనే క్యాట్ రాయించేస్తానండి మాస్టారూ. రాకపోతే ఐసెట్ ఉండనే ఉంది. రెండేళ్ళలో ఎంబీఏ, ఆ వెంటనే పెళ్ళి" అన్నాడు. నేను గుచ్చి అడిగితే అమ్మాయి, "ముందు రెండేళ్ళు పని చేస్తాను తాతగారూ" అన్నది, నేల చూపులు చూస్తూ.

నేను అమ్మాయి పక్షం.

"ఏమయ్యా, కిలోకు వంద తూగే రొయ్యను నువ్వు పట్టిస్తావా? ముప్పై కౌంటు వచ్చేదాకా మేత వేస్తూ, రాత్రిళ్ళు ఏరియేటర్లు తిప్పుతూ కాచుకుంటావు గదా!" అన్నాను.

అతడూ నా శిష్యుడే గదా! "తెల్లమచ్చ కనబడితే వంద కౌంటైనా వెంటనే పట్టించెయ్యాలండి. ఆగితే చెరువే మిగలదు" అన్నాడు. కాసేపు నాకు మాట తోచలేదని ఒప్పుకుంటాను. తరువాత అడిగాను: ఈ పిల్ల విషయంలో ఆ మచ్చ ఏది? జవాబు లేదు. వయసు దాటితే సంబంధాలు తగ్గుతాయన్న భయమే అది. పెద్దకొడుకు వంతు వచ్చినప్పుడు "వాణ్ణి రెండేళ్ళు అనుభవం సంపాదించనీయండి" అన్నది ఈ పెద్దమనిషే!

క్యాట్‌కు అనుభవం అక్కరలేదు, చివరి సంవత్సరం వారూ వ్రాయవచ్చు, నిజమే. 2015 నుండి విశాఖలోనే ఐఐఎం ఉన్నది. కాని అర్హత వేరు, అదను వేరు. హైదరాబాదులో 2001లో మొదలైన ఐఎస్‌బీ తన ఏడాది కోర్సుకు కనీసం 24 నెలల ఉద్యోగానుభవం అడుగుతున్నది. ఊరకనే అడుగుతుందా? అక్కడ పాఠమంటే ఒక సంస్థకు వచ్చిన చిక్కును ముందు పెట్టుకొని వాదించుకోవడం. జీతం ఎరుగని, పైఅధికారి చేత చీవాట్లు తినని పిల్ల ఆ వాదంలో ఏం చెప్పగలదు?

ఈ తప్పు నేనూ చేశాను. బాలవ్యాకరణ సూత్రాలు ముందు వల్లెవేయించి, పద్యాలు తరువాత చెప్పేవాణ్ణి. సూత్రం నోటికి వచ్చేది. పద్యంలో సంధి ఎదురైతే మాత్రం పిల్లలు గుర్తుపట్టేవారు కారు.

జీతానికి అలవాటుపడితే మళ్ళీ పుస్తకం పట్టరంటారు. కొంత నిజమే. అందుకు ఉపాయం ఉన్నది. జీమ్యాట్ స్కోరు అయిదేళ్ళు చెల్లుతుంది. చదువు తడి ఆరకముందే వ్రాసి ఉంచుకొని, అదను చూసి దరఖాస్తు పెట్టుకోవచ్చును. క్యాట్ స్కోరుకు ఆ వెసులుబాటు లేదు. పైగా రెండేళ్ళ జీతంలో మిగిలినంత మేర బ్యాంకు అప్పు తగ్గుతుంది, చెరువు తాకట్టు పెట్టనక్కరలేదు. ఈ చివరిమాట అన్నప్పుడు మాత్రం అతడు తలెత్తి చూశాడు.

"ఆలోచిస్తానండి" అని లేచాడు. అమ్మాయి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చి, ఉద్యోగంలో చేరవలసినది జూలైలోననీ, అందాకా నాన్నగారిని మళ్ళీ మళ్ళీ తీసుకువస్తాననీ చెప్పింది. రమ్మన్నాను.