పిలవని ఫోను - పలకని యంత్రం

ఇటీవల జనగామ జిల్లా తరిగొప్పుల మండల కేంద్రంలో ఒక ఇంటికి వెళ్లాము. అస్ర్ నమాజు వేళ దగ్గరపడింది. ఆ ఇంటి పెద్దావిడ వజూ చేసుకుంటుండగా చిన్న కీప్యాడ్ ఫోను మోగింది. తడి చేతులతోనే ఆమె దాన్ని అందుకున్నారు. పని కోసం హైదరాబాద్ వెళ్లిన కొడుకు చేశాడేమోనని ఆమె ఆత్రం. అవతల వినిపించింది రికార్డు చేసిన గొంతు. అప్పు ఇస్తామని హిందీలో గడగడా చెప్పుకుపోతున్నది. ఆమె ఫోను పెట్టేసి మాతో అన్నారు: "పొద్దుగాల్నించి ఇది ఐదోది బిడ్డా. ఎత్తకపోతే కొడుకేమో అని పాణం కొట్టుకుంటది. ఎత్తితే ఈళ్లు."

అదే ఇంట్లో మరో సంగతి తెలిసింది. ఆమె పేరు చివర ఆధార్‌లో 'బీ' అని, బ్యాంకు పుస్తకంలో 'బేగం' అని ఉన్నది. ఆ తేడా కారణంగా ఆమె ఖాతా ఆగిపోయింది. బ్యాంకు ఇచ్చిన నంబరుకు ఫోను చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని యంత్రం చెబుతుంది. ఏది నొక్కినా చివరకు మనిషి గొంతు వినపడదు. కొద్దిసేపు సంగీతం వినిపించి ఫోను దానంతటదే కట్ అవుతుంది. మూడు రోజులు ప్రయత్నించి ఆ కుటుంబం ఆ పని మానుకున్నది.

రోజుకు ఐదుసార్లు ఆమెను పిలవగల లోకం ఆమె ఒక్కసారి పిలిస్తే పలకడం లేదు. ఈ అన్యాయం గురించే ఈ నెల మా మాట.

గడప దాటి వచ్చే గొంతులు

ఇతరుల ఇంట్లోకి అనుమతి అడగకుండా, సలాం చెప్పకుండా ప్రవేశించరాదని నూర్ సూరా మనకు నేర్పింది. మూడుసార్లు అనుమతి కోరినా జవాబు రాకపోతే వెనుదిరగాలన్నది దైవప్రవక్త (స) బోధ. ఇంటి గడపకు ఉన్న ఆ గౌరవం నేడు చేతిలోని ఫోనుకు లేకుండా పోయింది. నిద్రవేళ, నమాజు వేళ, జనాజా వేళ అన్న విచక్షణ లేకుండా అది మోగుతూనే ఉంటుంది.

చట్టం లేక ఇలా జరుగుతున్నదా అంటే కాదు. వాణిజ్య కాల్స్‌ను నియంత్రించడానికి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో సమగ్రమైన నిబంధనలు తెచ్చింది. వద్దనుకున్నవారు 1909 నంబరుకు ఫోను చేసి గాని, సందేశం పంపి గాని తమ అభీష్టాన్ని నమోదు చేసుకోవచ్చు. ప్రచార కాల్స్ 140తో, బ్యాంకులు మొదలైన సంస్థల సేవా కాల్స్ 1600తో మొదలయ్యే నంబర్ల నుంచి రావాలని ఏర్పాటు ఉన్నది. 2025 ఫిబ్రవరిలో ఆ నిబంధనలను మరింత బిగించారు. కాల్ వచ్చిన ఏడు రోజుల వరకు ఫిర్యాదు చేయవచ్చు. నమోదు లేని నంబర్లపై కంపెనీ ఐదు రోజుల్లో చర్య తీసుకోవాలి. ఇవన్నీ కాగితంపై చక్కగానే ఉన్నాయి. అయితే వేధించేవాడు రేపు మరో పది అంకెల నంబరుతో వస్తాడు. ఫిర్యాదు భారం మళ్లీ వేధింపుకు గురైనవారి మీదే పడుతుంది. చదువు రాని ఒక తల్లి ఆ నంబరును, తేదీని, సందేశ సారాంశాన్ని ఏడు రోజుల్లో ఎలా నమోదు చేయగలదో నిబంధనలు రాసినవారు ఆలోచించినట్లు లేదు.

విసుగుతో ఆగేది కొంతే. ఆ తర్వాత భయం మొదలవుతుంది. పోలీసు దుస్తులు వేసుకుని వీడియో కాల్‌లో కనిపించి, మీ పేరిట మాదకద్రవ్యాల పార్శిల్ దొరికిందని, అక్రమ నగదు కేసులో మీ పేరున్నదని బెదిరించే ముఠాల గురించి అందరూ విన్నదే. 'డిజిటల్ అరెస్టు' అన్నది మన చట్టంలో ఎక్కడా లేదు. 2024 అక్టోబరులో ప్రధానమంత్రే తన రేడియో ప్రసంగంలో ఈ మాట చెప్పవలసి వచ్చింది. అయినా ఈ బెదిరింపు ఒక ముస్లిం ఇంట్లో రెండింతల బలంతో పని చేస్తుంది. పేరు చూసి అనుమానించే చూపులకు అలవాటుపడిన సమాజం మనది. నిర్దోషులై ఏళ్ల తరబడి జైళ్లలో మగ్గిన యువకుల కథలు మన ఇళ్లలో అందరికీ తెలుసు. అందుకే "మీ మీద కేసున్నది" అన్న మాట వినగానే నిజానిజాలు తేల్చుకునే ధైర్యం ముందుగా జారిపోతుంది. మోసగాడు ఆ భయాన్నే పెట్టుబడిగా వాడుకుంటాడు.

మన నంబరు వారికెలా తెలిసింది?

తాళం మన చేతులతోనే ఇచ్చామన్నది చేదు నిజం. ఉచితమని దించుకున్న ప్రతి యాప్ మన పరిచయస్తుల జాబితాను, ఫొటోలను, మనమున్న చోటును అడుగుతుంది. అర్థం కాని ఆంగ్లంలో పేజీలకొద్దీ షరతులుంటాయి. కింద 'అంగీకరిస్తున్నాను' అన్న ఒక్క బొత్తాము ఉంటుంది. అంగీకరించనివారికి యాప్ తెరుచుకోదు. దీన్ని సమ్మతి అనడం న్యాయమేనా?

2020 చివరలో అప్పుల యాప్‌ల దుర్మార్గం తెలంగాణను కుదిపేసింది. కొద్దిపాటి అప్పు తీసుకున్నవారి ఫోనులోని నంబర్లన్నింటికీ ఫోన్లు చేసి, మార్ఫింగ్ చేసిన ఫొటోలు పంపి, పరువు తీస్తే తట్టుకోలేక కొందరు ప్రాణాలు తీసుకున్నారు. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు మార్గదర్శకాలు ఇచ్చింది. అప్పు ఇచ్చే యాప్‌లు పరిచయస్తుల జాబితాను, కాల్ వివరాలను, ఫొటోలను ముట్టుకోరాదన్నది. పోయిన ప్రాణాలు మాత్రం తిరిగి రాలేదు.

నమాజు వేళలు, ఖిబ్లా దిశ చూపే యాప్ సైతం ఇందుకు మినహాయింపు కాలేదు. ప్రపంచమంతటా కోట్లాది ముస్లింలు వాడే 'ముస్లిం ప్రో' నుంచి వినియోగదారుల సంచార వివరాలు ఎక్స్-మోడ్ అనే దళారీ సంస్థకు చేరాయని, ఆ సంస్థ ఖాతాదారుల్లో అమెరికా సైన్యానికి పని చేసే గుత్తేదారులున్నారని 2020 నవంబరులో ఒక అమెరికా వార్తాసంస్థ బయటపెట్టింది. ఆ దళారీతో సంబంధం తెంచుకుంటున్నట్లు యాప్ యాజమాన్యం వెంటనే ప్రకటించింది. సున్నితమైన ప్రదేశాల సమాచారాన్ని అమ్మరాదని 2024 జనవరిలో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఎక్స్-మోడ్‌ను కట్టడి చేసింది. నమాజు కోసం నిలబడిన చోటు కూడా ఒకరి సరుకయిందంటే ఇక మిగిలిందేమిటి?

మన స్త్రీల గౌరవం మాటేమిటి? 2021 జూలైలో, మళ్లీ 2022 కొత్త సంవత్సరం తొలిరోజున ముస్లిం మహిళల ఫొటోలను 'వేలానికి' పెట్టిన దుర్మార్గం జరిగింది. ఆ రెండు యాప్‌లకూ వేదికైనది మైక్రోసాఫ్ట్ చేతిలోని గిట్‌హబ్. మొదటిసారి గట్టి చర్య ఉండి ఉంటే రెండోసారి జరిగేదా? ఫిర్యాదులు వెల్లువెత్తాక తొలగించడాన్ని బాధ్యత అనలేము. అటువంటిది పుట్టకుండా చూడడమే బాధ్యత.

పేరు అర్థం కాని యంత్రం

ఇప్పుడు రెండో పక్కకు వద్దాం. మనం పిలిచినా పలకని యంత్రం కొన్నిసార్లు మన అన్నం పళ్లెం మీద తీర్పు చెబుతున్నది.

ముస్లింల పేర్ల తీరు వేరు. ఎక్కువమందికి ఇంటిపేరు ఉండదు. షేక్, సయ్యద్, మహ్మద్ అన్న మాటలు లక్షలాది మందికి ఉమ్మడి. మహ్మద్ అన్నది ఒక కాగితంలో పూర్తిగా, మరో దానిలో 'ఎండీ' అని ఉంటుంది. హుస్సేన్ ఒకచోట ఉసేన్ అవుతాడు. మన పల్లెల్లోని దూదేకుల, నూర్‌బాష కుటుంబాల్లో తెలుగు ఇంటిపేర్లూ ఉంటాయి. రాసే గుమాస్తా చెవికి ఎలా వినపడితే అలా రికార్డులకెక్కిన పేర్లివి. వీటిని ఒకదానితో ఒకటి పోల్చి ఈ ఇద్దరూ ఒక్కరేనని తేల్చే పని సాఫ్ట్‌వేర్‌కు అప్పగిస్తే ఏమవుతుంది?

తెలంగాణలో అదే జరిగింది. వివిధ శాఖల రికార్డులను కలిపి చూసే 'సమగ్ర వేదిక' అనే వ్యవస్థను ప్రభుత్వం రేషన్ కార్డుల ఏరివేతకు వాడింది. హైదరాబాద్ బస్తీలో రిక్షా తొక్కిన భర్తను పోగొట్టుకున్న ఒక ముస్లిం వృద్ధురాలి కార్డు ఇలాగే రద్దయింది. కారు యజమాని అయిన మరొకరి పేరులో రెండు మాటలు ఆమె భర్త పేరుతో కలవడమే నేరమైంది. రిక్షా కార్మికుడిని యంత్రం కారు యజమానిని చేసింది. ఆమె బియ్యం ఆగిపోయాయి. తాను కారు కొనలేదని నిరూపించుకునే భారం ఆ నిరుపేద మీదనే పడింది.

ఇది ఒక్కరి గోడు కాదు. రాష్ట్రంలో సుమారు 19 లక్షల కార్డులు రద్దయ్యాయి. ముందుగా నోటీసు లేదు, ఇంటికి వచ్చి చూసినవారు లేరు. ప్రజాప్రయోజన వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లగా, రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో న్యాయస్థానం ఆదేశించింది. ఆ పరిశీలనలో వేలాది కుటుంబాలు అర్హులేనని తేలింది. యంత్రం పొరబడిందని ఒప్పుకోవడానికి దేశ అత్యున్నత న్యాయస్థానం కల్పించుకోవలసి వచ్చింది. అంతదాకా వెళ్లలేని తరిగొప్పుల వృద్ధురాలి సంగతేమిటి?

పేరు తర్వాత ముఖం. 2021 మేలో హైదరాబాద్ వీధిలో పోలీసులు ఆపి, మాస్కు తీయించి ఫొటో తీసుకున్నారని సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ ముఖ గుర్తింపు సాంకేతికతను రాష్ట్ర హైకోర్టులో సవాలు చేశారు. పేర్ల దగ్గరే ఇంతగా పొరబడిన యంత్రాల చేతికి ముఖాలు అప్పగించే ముందు జవాబుదారీ ఎవరన్న ప్రశ్నకు సమాధానం కావాలి.

హక్కు ఉన్నది, అడగాలి

గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న ఏకగ్రీవంగా ప్రకటించింది. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ముఖ్యమైన బాధ్యతలు దశలవారీగా అమలులోకి వస్తాయి. ఆ చట్టంలో మన పాఠకులు గుర్తుంచుకోదగ్గ అంశం ఒకటున్నది. సమ్మతి కోరే నోటీసును ఆంగ్లంలోనే కాక రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనా చదువుకునే వీలు కల్పించాలి. తెలుగు ఆ షెడ్యూలులో ఉన్నది, ఉర్దూ ఉన్నది. అయితే అదే చట్టం ప్రభుత్వ సంస్థలకు విస్తృతమైన మినహాయింపులిచ్చింది. కంపెనీని ప్రశ్నించగల పౌరుడు ప్రభుత్వాన్ని ప్రశ్నించలేకపోతే అది సగం రక్షణే.

కాబట్టి మా డిమాండ్లు స్పష్టం. యంత్రం చెప్పిందన్న ఒక్క కారణంతో ఏ కార్డును, ఏ పింఛనును, ఏ ఖాతాను ఆపరాదు. ముందుగా తెలుగులో, ఉర్దూలో నోటీసు ఇవ్వాలి, ఒక అధికారి ఇంటికి వచ్చి విచారించాలి. 'మహ్మద్', 'ఎండీ' వంటి తేడాలను తప్పుగా లెక్కించరాదని ప్రభుత్వం, బ్యాంకులు ఉమ్మడి ఉత్తర్వు ఇవ్వాలి. ప్రతి బ్యాంకు, ప్రతి టెలికాం కంపెనీ సహాయ నంబరులో తెలుగు మాట్లాడే మనిషి దొరకాలి. మండలానికొక ఫిర్యాదు స్వీకరణ కేంద్రం ఉండాలి.

ఇతరులను అడిగే ముందు మనల్ని మనం ప్రశ్నించుకోవాలి. రంజాన్‌లో రేషన్ కిట్టు అందుకుంటున్న వితంతువు ఫొటోను వాట్సాప్ గ్రూపుల్లో పెట్టేది మనవారే. జకాత్ పొందినవారి పేర్లు, ఫోను నంబర్లు చేతులు మారేది మన ముందే. పొరుగువాడికి మన ఆధార్‌తో సిమ్ కార్డు ఇప్పించేది మనమే. ఎదుటివారి అనుమతి లేనిదే వారి వివరం మన నోట రాకూడదన్న అదబ్ మన నుంచి మొదలుకావాలి.

తరిగొప్పుల వంటి ప్రతి ఊళ్లో మస్జిద్ కమిటీలు, యువజన సంఘాలు జుమా నమాజు తర్వాత ఒక గంట కేటాయిస్తే చాలు. పెద్దల ఫోన్లలో 1909 నమోదు చేయించవచ్చు. తమ పేరిట ఎన్ని సిమ్‌లున్నాయో కేంద్ర ప్రభుత్వ 'సంచార్ సాథీ'లో చూసిపెట్టవచ్చు. మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలని, ఏ పోలీసూ వీడియో కాల్‌లో అరెస్టు చేయడని, ఓటీపీ ఎవరికీ చెప్పరాదని నచ్చజెప్పవచ్చు. ఆధార్, బ్యాంకు, రేషన్ కాగితాల్లో పేర్లు ఒక్క తీరుగా ఉన్నాయో లేవో సరిచూసి, తేడా ఉంటే ఇప్పుడే దిద్దించవచ్చు. రద్దు నోటీసు వచ్చాక పరుగెత్తడం కంటే ఇది మేలు.

మేము సెలవు తీసుకునేటప్పుడు ఆ తల్లి ఫోను మళ్లీ మోగింది. ఈసారి కొడుకే. ఆమె ముఖం వెలిగింది. ఆ ఫోను ఆ ఇంటికి వచ్చింది ఆ ఒక్క గొంతు కోసమే. దాన్ని ఆమెకు తిరిగి ఇప్పించడం మనందరి బాధ్యత.