వాళ్లు చెబితే చరిత్ర, మనోళ్లు చెబితే జానపదమా?



దిల్‌సుఖ్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్‌కు పోయే మనందరికీ ఈ బిట్ కంఠతా వచ్చు. ఆంధ్రుల ప్రస్తావన మొదట ఏ గ్రంథంలో ఉంది? ఐతరేయ బ్రాహ్మణం. టిక్ పెట్టి ముందుకు పోతాం. కానీ అక్కడే ఆంధ్రుల పక్కన పుండ్రులు, శబరులు, పుళిందులు, మూతిబులు కూడా ఉన్నారు. అందర్నీ కలిపి దస్యులనే అన్నారు. తర్వాత శాతవాహనులు శాసనాలు చెక్కించారు, ఆంధ్రులకు పేజీలకు పేజీలు వచ్చాయి. శబరులు, పుళిందులు ఆ ఒక్క లైన్‌లోనే ఉండిపోయారు. నోట్స్‌లో మనకు మిగిలింది చివరి చాప్టర్: జనాభా శాతం, పథకాలు.

ఎందుకని అడిగితే ఒకటే జవాబు: "మీకు రాత లేదు కదా, చరిత్ర ఎట్లా ఉంటది?"

దీనికి జపాన్‌ను చూపిస్తాం. అక్కడ ఇప్పుడు దొరికే అతి పాత చరిత్ర గ్రంథం కొజికి, 712 నాటిది. హియెదా నో అరె కంఠస్థం చేసిన వంశావళులు, దేవుళ్ల కథలు చెబితే ఓ నో యసుమారో రాశాడు. అది కూడా నోటి మాటే కదా! దర్బారు రాయించింది కాబట్టి చరిత్ర అయింది.

మన గోండు గూడేల్లో ప్రధాన్‌లు, తోటీలు కిక్రి వాయిస్తూ చేసేది ఇదే పని. నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవుళ్ల సగలు ఎట్లా ఏర్పడ్డాయి, ఎవరికి ఎవరితో పెళ్లి వరస, ఏ ఇంటి పేరుకు ఏ పెర్సాపెన్, అంతా అందులో ఉంది. దానికి మాత్రం జానపదం అని పేరు, స్టేజి మీద ఐదు నిమిషాల టైము!

రాత ఒక వైపే ఉంటే ఏమైతదో కూడా జపాన్‌లోనే చూడొచ్చు. ఈశాన్యంలో ఉన్న ఎమిషి ప్రజలను 720 నాటి నిహోన్ షోకి అనాగరికులని రాసింది. వాళ్ల నాయకుడు అతెరుయి 789లో దర్బారు సైన్యాన్ని ఓడించాడు. 802లో లొంగిపోయాడు. ప్రాణం తీయొద్దని సేనాని తమురమారో అడిగినా వినకుండా చంపేశారు. ఆ సేనాని బిరుదుకు అర్థం 'అనాగరికులను అణచే మహా సేనాని'. తర్వాత జపాన్‌ను ఏలిన షోగున్‌ల బిరుదు కూడా అదే. ఎమిషిలు తమ వైపు నుంచి రాసుకున్నది ఏదీ లేదు. అతెరుయి గురించి తెలిసిందంతా అతన్ని చంపినోళ్ల రాతల్లోంచే.

మన దగ్గర చెప్పే పెద్దమనుషులు ఇంకా ఉన్నారు. మనమే వింటలేం.

"ఇది పరీక్షలో రాదు కదా" అనే తమ్ముళ్లారా, పరీక్షలో ఐతరేయ బ్రాహ్మణం అనే పెట్టండి, మార్కు వదలొద్దు. కానీ ఆ నోట్సే మన చరిత్ర అనుకోవద్దు. దండారికి ఊరికి పోతే గుస్సాడీ ఆట రీల్ తీసుకుని వస్తున్నాం. ఈసారి కథ మొత్తం రికార్డు చేద్దాం. పెద్దల్ని అడిగి, వాళ్లు సరే అంటేనే. చెప్పినాయన పేరు, ఊరు, తేదీ పెట్టి, ఏ తెగ కథను ఆ తెగ భాషలోనే, చెప్పింది చెప్పినట్టు రాద్దాం. ఆ పని ఇంకెవరో వచ్చి చేసేదాకా ఆగితే, మళ్లీ ఒక్క లైన్‌లోనే ఉంటాం.

– దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ హాస్టల్ విద్యార్థులం