ఆ చేప ఏ రేవుదండీ?

మొన్న మే నెలలో మా అబ్బాయి పుట్టినరోజని నలుగురం కలిసి టెక్కలి దగ్గర హైవే మీద కొత్తగా పెట్టిన సీఫుడ్ హోటలుకి వెళ్లాం. పేరెందుకులెండి! ఏసీ గది, గోడ నిండా నీలిరంగు అలల బొమ్మ, మెనూ కార్డు మీద 'మన తీరం తాజా చేప' అని పెద్ద అక్షరాలు. పొలుసు తియ్యక్కర్లేదు, నీచు గిన్నెలు తోమక్కర్లేదు. అలా కూర్చుని తినడం ఆడవాళ్లకి ఎంత సుఖమో నేను వేరే చెప్పాలా? ఆ సుఖాన్ని నేను తప్పుపట్టను.

అపోలో ఫిష్ వచ్చింది. ముల్లు లేదు, మసాలా రుచి తప్ప మరో రుచీ లేదు. "ఇదేం చేప బాబూ?" అని అడిగాను. వడ్డించే కుర్రాడు తెల్లబోయి "ఫిష్ అండీ" అన్నాడు. ఏ రేవుదంటే లోపలికెళ్లి అడిగొచ్చి "బాక్సుల్లో వస్తుందండీ" అన్నాడు. "ఇంటర్వ్యూలు ఆపి తిను" అన్నారు మావారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వేశాను గానీ ఆ బాక్సుల మాట రాత్రి దాకా నన్ను వదల్లేదు.

భావనపాడు మాకు ఆటోలో గంట కూడా పట్టదు. పలాస వాళ్లకి మంచినీళ్లపేట, నువ్వలరేవు అంతే దగ్గర. ఉద్దానం కొబ్బరి, జీడి తోటల మధ్య నుంచి గంపలు నెత్తిన పెట్టుకుని మన ఊళ్లకి చేప రుచి తెచ్చిపెట్టింది ఆడవాళ్లే. మా వీధికొచ్చే అప్ప కవళ్లు గానీ, కానాగంతలు గానీ గంప దించగానే మొప్పలు ఎత్తి ఎరుపు చూపిస్తుంది. ఏ రేవులో దిగిందో, రాత్రి పడిందో తెల్లారి పడిందో అడక్కుండానే చెబుతుంది.

"హోటలోళ్లు నీ దగ్గర కొనరా అప్పా?" అన్నాను.

"మా కాడెందుకు కొంతారమ్మా? ఆళ్లకి ముల్లు లేంది కావాల, రోజూ ఒకే సైజు కావాల. మాకు సముద్రం ఏటిత్తే అదే గదా!" అంది.

మా తీరం మగవాళ్లు వేట కోసం గుజరాత్‌లోని వెరావల్ దాకా వలసపోతారు. 2018 నవంబరులో అలా వెళ్లినవాళ్లు పాకిస్తాన్‌కి చిక్కి, వారిలో చాలామంది 2020 జనవరిలో గానీ బయటపడలేదు. ఇంటి మగవాళ్లు అంత దూరం పోయి వల వేస్తుంటే, రేవు పక్కనున్న ఊళ్లోకి చేప బాక్సుల్లో దిగుతోంది. ఇదెక్కడి చోద్యం?

నిజం చెప్పాలంటే గంపలో చేపంతా మంచిదీ కాదు, ఐసులో చేపంతా చెడ్డదీ కాదు. కానాగంతల్లాంటివి ఎండలో ఉంటే వాటిలో హిస్టమిన్ తయారవుతుంది. ఎంత ఉడికించినా అది పోదు. తిన్నవాళ్లకి దద్దుర్లు, తలనొప్పి. పొద్దెక్కేకొద్దీ చేప మెత్తబడుతుంది, అప్ప ధర తగ్గించేస్తుంది. ఆమెకి కావలసినవి పెద్ద కోరికలేం కావు. కాస్త ఐసు, నీడ, ఒక కుళాయి. మన పంచాయతీలూ మున్సిపాలిటీలూ ఆ మాత్రం ఏర్పాటు చెయ్యలేవా?

ఇక హోటలు సంగతి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తూర్పుతీరంలో మరపడవలకి వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని. ఇంజను లేని తెప్పలకి మాత్రమే మినహాయింపు. మేం వెళ్లింది సరిగ్గా ఆ రోజుల్లోనే! కార్డులో ఒక్క రకమూ తగ్గలేదు. నిల్వ చేపని వండడం నేరం కాదు. దాన్ని మన తీరం తాజా చేప అనడమే మోసం.

ఇటలీలో సముద్రానికి దూరంగా ఉన్న పాత ఊళ్లలోనూ చేపల హోటళ్లున్నాయి. గడ్డకట్టించి నిల్వ ఉంచిన సరుకైతే మెనూలో దాని పేరు పక్కన నక్షత్రం గుర్తు పెట్టడం అక్కడ వాడుక. ఐరోపా దేశాల్లో 2013లో చేసిన నిబంధనల ప్రకారం చేపలమ్మే దుకాణాలు ఏ జాతి చేపో, పట్టిందో పెంచిందో, ఎక్కడిదో రాయాలి. మనవాళ్లు ఒక పలకా సుద్దముక్కా పెట్టుకుంటే చాలు. 'ఈరోజు భావనపాడు కవళ్లు' అని రాస్తే తినేవాళ్లకి నమ్మకం, అప్పకి బేరం. ముల్లుందంటారా? మన పిల్లలకి ముల్లు తీసుకు తినడం మనమే నేర్పుదాం.

అడిగేవాళ్లుంటేనే చెప్పేవాళ్లుంటారు. చీర కొనేటప్పుడు ఎక్కడి నేతో అడుగుతాం, బియ్యం పాతవా కొత్తవా అని అడుగుతాం. పళ్లెంలో చేప గురించి అడగడానికి మొహమాటం దేనికి?

వచ్చే నెల మా పెళ్లిరోజు. మళ్లీ ఆ హోటలుకే వెళ్దామన్నాను. అయితే ఈసారి ఏ రేవుదని అడిగే పని మావారిదే!