సవాలుకే చప్పట్లు కొట్టేశాం, ఇక చర్చకు ఎవరొస్తారు?

"ఉతికి ఆరేశాడు." "గాలి తీసేశాడు." "చెడుగుడు ఆడుకున్నాడు." "నోరెత్తనియ్యలా."

టీవీలో చర్చ అయిపోయిన పావుగంటకు మన ఫోన్లకు వచ్చే వీడియోల మీద ఉండే మాటలు ఇయ్యే. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఒక్కసారి వీటిని వరసబెట్టి చదవండి. ఒకటి చాకిరేవు మాట, ఒకటి పంక్చర్ షాపు మాట, ఒకటి ఆట మాట. ఆ మనిషి ఏం చెప్పాడు, అడిగిన దానికి జవాబిచ్చాడా లేదా అనే ముక్క ఒక్కదాంట్లో గూడా లేదు.

టీకొట్టు కాడ, మిర్చి యార్డు బయట లారీల కాడ, ఊరి వాట్సాప్ గ్రూపుల్లో, మనోళ్ళు చర్చ చూసి ఏమంటన్నారో నేను చాన్నాళ్ళ నుంచి వింటా ఉన్నా. మనోడు మాట్టాడితే పాయింటు, ఎదుటోడు మాట్టాడితే సొల్లు. గంట ముందు ఏ పక్కన కూర్చున్నామో గంట తర్వాత గూడా ఆ పక్కనే. ఇది మిమ్మల్ని తప్పుపట్టటానికి చెప్పట్లా. మనం ఎట్టా చూస్తామో నాయకులు అట్టాగే ఆడతారు. మనం మార్కులు దేనికి వేస్తే వాళ్ళు ఆ పరీక్షే రాస్తారు. నేను చెప్పబోయేది ఇంతే.

ముందు ఒక సంగతి గుర్తు చేసుకుందాం. 2024 ఎన్నికల్లో మన రాష్ట్రంలో ఇద్దరు పెద్ద నాయకులూ ఒక బల్ల కాడ కూర్చుని, జనం చూస్తా ఉండంగా మాట్టాడుకున్నది లేదు. ఆ ఫిబ్రవరిలో జగన్ 'సిద్ధం' సభలు పెడతా ఉంటే, బహిరంగ చర్చకు సిద్ధమా, చోటూ తేదీ మీరే చెప్పండని చంద్రబాబు సవాలు విసిరారు. అటుపక్కోళ్ళు ఎదురు మాటలన్నారు. కూర్చున్నోళ్ళు మాత్రం లేరు. ఢిల్లీలో గూడా ఇదే తంతు. మే 9న రిటైరైన జడ్జిలు మదన్ లోకూర్, ఏపీ షా, పత్రికా సంపాదకుడు ఎన్. రామ్ కలిసి మోదీకీ, రాహుల్ గాంధీకీ ఉత్తరం రాశారు, ఒక వేదిక మీద చర్చించండని. రాహుల్ సరేనన్నారు. బీజేపీ వైపు నుంచి తమ యువజన విభాగం నాయకుడి పేరు చెప్పారు. మే 13న మనం పోలింగు బూతుల ముందు వరస కట్టాం. ఆ చర్చ జరగనే లేదు.

అయినా మనం ఏం చేశాం? సవాలు విసిరిన వీడియోకే చప్పట్లు కొట్టాం. "మనోడు పిలిచాడు, వాళ్ళు రాలా, గెలిచింది మనోడే" అన్నారు కొందరు. "ఆయనతో కూర్చునే సీను వీళ్ళకు లేదు, గెలిచింది మావోడే" అన్నారు ఇంకొందరు. జరగని చర్చలో రెండు పక్కలా గెలిచారు! మన పల్నాటి యుద్ధం కథలో కోడిపందెం ఉంది. ఆ పందెంతో రాజ్యాలే తలకిందులైనయ్యి. ఆడ కనీసం కోళ్ళన్నా బరిలో దిగినయ్యి. మనం బరిలో కోడి దిగకముందే పందెం డబ్బులు పంచుకున్నాం. సవాలు విసిరితేనే గెలిచిన పేరు వస్తంటే, కూర్చుని చెమటలు కక్కాల్సిన అవసరం ఎవరికుంటది?

"అన్నా, టీవీలో చర్చ దేనికి? అసెంబ్లీ ఉంది గదా" అని మీలో ఒకరన్నా అంటారు. నిజమే. అది మన డబ్బుతో కట్టిన చర్చావేదిక, ఇంట్లో కూర్చుని టీవీలో చూడొచ్చు. ఆడ ఏం జరిగిందో చూడండి. 2017 ఆఖర్లో వైసీపీ సభకు రావటం మానేసింది, పార్టీ మారిన ఎమ్మెల్యేల మీద చర్య తీసుకోలేదని. 2021 నవంబరులో చంద్రబాబు బయటికొచ్చారు, మళ్ళీ ముఖ్యమంత్రిగానే అడుగుపెడతానని. 2024లో 11 సీట్లొచ్చిన వైసీపీ, ప్రతిపక్ష హోదా ఇస్తేనే వస్తామంది. ఒక్కొక్కరికి ఒక్కో కారణం ఉంది. ఎవరి కారణం వాళ్ళకు గట్టిదే గావచ్చు. కానీ లెక్క తేల్చి చూస్తే, ముఖ్యమంత్రి ఎదురుగా ప్రతిపక్ష నాయకుడు నిలబడి లెక్క అడగాల్సిన చోట ఏళ్ళకేళ్ళు ఒక కుర్చీ ఖాళీ. బయటికెళ్ళిన ప్రతిసారీ ఆ పార్టీవాళ్ళు మనలోనే ఉండి చప్పట్లు కొట్టారు. నేను మీ తరఫున అడగను, వెళ్ళిపోతన్నా అన్నోళ్ళకు మనం చప్పట్లు కొట్టాం!

అసలు నాయకులు రాకపోతే టీవీల్లో రోజూ జరిగేదేంది? నలుగురు అధికార ప్రతినిధులు, ఒక యాంకరు, ఒకటే కేక. 2021 ఫిబ్రవరిలో ఏబీఎన్ చర్చలో కొలికపూడి శ్రీనివాసరావు బీజేపీ నాయకుడు విష్ణువర్ధన్‌రెడ్డి మీద చెప్పు విసిరారు. ఆ ముక్క మనలో చూడనోళ్ళు తక్కువ. ఆ రాత్రి ఇద్దరూ ఏ విషయం మీద వాదించుకున్నారో, ఎవరి వాదన ఏందో ఎంతమందికి గుర్తుంది? చెప్పు గుర్తుంది, మాట గుర్తు లేదు. శ్రీనివాసరావు 2024లో తిరువూరు ఎమ్మెల్యే అయ్యారు. దాని వల్లే అయ్యారని నేననను. దాని వల్ల ఆగలేదని మాత్రం అనగలను.

ఛానెళ్ళ సంగతి మీకు నేను చెప్పక్కర్లా. సాక్షి జగన్ కుటుంబానిది. టీవీ5 అధిపతి బీఆర్ నాయుడు కూటమి వచ్చినాక టీటీడీ చైర్మన్ అయ్యారు. ప్రభుత్వం మారితే కేబుల్లో ఛానెళ్ళు గూడా మాయమైతా ఉంటయ్యి. 2019 తర్వాత మన కాడ ఏబీఎన్, టీవీ5 రాలేదని గొడవ. 2024 జూన్‌లో సాక్షి, టీవీ9, ఎన్‌టీవీ రాలేదని గొడవ, ఢిల్లీ హైకోర్టు దాకా పోయింది. రిమోటు మన చేతిలో ఉందనుకుంటాం గానీ, మీట వేరే చోట ఉంటది.

దీని వల్ల నష్టం ఎవరికి? మిర్చి రైతుకు, పత్తి రైతుకు, కోతలకు పోయే మన అమ్మలకు. 2025 ఫిబ్రవరి గుర్తు తెచ్చుకోండి. ముందు రెండేళ్ళు మురిపించిన మిర్చి ధర దబ్బున పడిపోయింది. 19వ తారీఖున జగన్ గుంటూరు యార్డుకు వచ్చారు. అప్పుడు ఎమ్మెల్సీ ఎన్నికల కోడ్ ఉంది. అంతే, చర్చ ఆడికి పోయింది. కోడ్ ఉల్లంఘించారా లేదా? పోలీసులు భద్రత ఇచ్చారా లేదా? కేసు పెట్టటం తప్పా ఒప్పా? ఆ వారం మన గ్రూపుల్లో తిరిగిన వీడియోలు గూడా ఆ గొడవ చుట్టూతే. టిక్కీల మీద కూర్చున్న రైతు వెనకెక్కడో మసకగా కనబడ్డాడు. తర్వాత కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు అంది, 2.58 లక్షల టన్నుల దాకా. రాష్ట్రంలో పండిన పంటలో అది నాలుగో వంతు గూడా గాదు.

ఆ రోజు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. కేంద్రం మద్దతు ధర ప్రకటించే పంటలు 22. అందులో పత్తి ఉంది, మిర్చి లేదు. ఆసియాలోనే పెద్ద యార్డు అని మనం గొప్పగా చెప్పుకునే చోట అమ్ముడుపోయే పంటకు అడుగు ధర అంటూ లేదు. ఎందుకు లేదు? 2019లో వైసీపీ 3,000 కోట్లతో ధరల స్థిరీకరణ నిధి అంది. ఐదేళ్ళలో మిర్చికి అందులోంచి ఎంత వచ్చింది? 2024లో కూటమి రైతుకు ఏడాదికి 20 వేలంది. పట్టా కాయితం లేని కౌలు రైతుకు అది ఎట్టా చేరుద్ది? ఒకరికి ఒక ప్రశ్న, ఇంకొకరికి ఒక ప్రశ్న. పత్తి సంగతి గూడా అంతే. 2025-26లో పొడుగు పింజకు మద్దతు ధర 8,110. తేమ 12 శాతం దాటితే సీసీఐ కొనదు. ఆగస్టులో కేంద్రం దిగుమతి పత్తి మీద 11 శాతం సుంకం ఎత్తేసి, డిసెంబరు ఆఖరు దాకా పొడిగించింది. మన ఎంపీలు దీనికి ఒప్పుకున్నారా, కాదన్నారా? దీని మీద "ఉతికి ఆరేసిన" వీడియో ఒక్కటన్నా మీకు వచ్చిందా?

చర్చలు పెట్టగానే అన్నీ బాగైపోతయ్యి అని గూడా నేను చెప్పను. చర్చలు జరిగే దేశాల్లో జనం ఎట్టా చూశారో ఒక ముచ్చట చెబుతా. బ్రిటన్‌లో 2010 ఏప్రిల్ 15న మొదటిసారి మూడు పార్టీల నాయకులు టీవీలో ఎదురెదురు నిలబడ్డారు. 90 లక్షల మందికి పైగా చూశారు. మూడో పార్టీ నాయకుడు నిక్ క్లెగ్ కెమెరాలోకి సూటిగా చూసి మాట్టాడాడు. చూసినోళ్ళలో సగం మంది ఆయనే గెలిచాడన్నారు. దేశమంతా ఆయన జపమే. మూడు వారాలకు ఓట్లేశారు. ఆ పార్టీకి అంతకుముందు 62 సీట్లుంటే, ఈసారి 57. అసలు కథ ఆ తర్వాత. కాలేజీ ఫీజులు పెంచనియ్యమని ఆ పార్టీ అభ్యర్థులు సంతకాలు పెట్టి మరీ చెప్పారు. ప్రభుత్వంలో చేరి, అదే డిసెంబరులో ఫీజు పరిమితిని 9,000 పౌండ్లకు పెంచటానికి క్లెగ్ ఓటేశాడు. 2015లో ఆ పార్టీకి మిగిలింది 8 సీట్లు.

దీంట్లో మనకు రెండు ముక్కలున్నయ్యి. చూసిన రాత్రి పడ్డ ముచ్చట నిలబడదు. చెప్పిన మాట మాత్రం రికార్డులో ఉంటది, ఎప్పుడో ఒకప్పుడు మెడకు చుట్టుకుంటది. చర్చ వల్ల లాభం ఆ రెండోదే. నలుగురిలో, ఎదుటోడు అడ్డు ప్రశ్న వేస్తా ఉంటే చెప్పిన మాటను తర్వాత మింగటం కష్టం. సభలో మైకు ముందు ఒంటరిగా చెప్పిందానికి ఆ బరువు లేదు.

"చర్చల్లేకుండానే జనం సరైన తీర్పే ఇస్తన్నారు గదా" అనేవాళ్ళు గూడా ఉన్నారు. ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోను. 2019లో 151 ఉన్నోళ్ళను 2024లో 11కు దించారు, 23 ఉన్నోళ్ళను 135కు ఎక్కించారు. 80 శాతానికి పైగా బూతుకు వెళ్ళి ఓటేశారు. మన జనం ఎర్రోళ్ళు గాదు. కానీ ఓటు మీట ఒక్క మాటే చెప్పగలదు: నువ్వొద్దు, నువ్వు రా. ఎందుకు వద్దన్నామో, దేనికి రమ్మన్నామో ఆ మీట చెప్పలేదు. అందుకే గెలిచినోళ్ళు తమకు నచ్చిన కారణం చెప్పుకుంటారు, ఓడినోళ్ళు తమకు నచ్చిన కారణం చెప్పుకుంటారు. మన కారణం మన కాడే ఉండిపోద్ది.

మరేం చెయ్యాలి? పెద్ద పని గాదు. ఈసారి చర్చ వీడియో వచ్చినప్పుడు ముందుకు తోసే ముందు మూడు సంగతులు చూడండి. అడిగిన ప్రశ్న ఏంది? దానికి అంకెతోనో, తేదీతోనో జవాబొచ్చిందా? జవాబు బదులు ఎదుటోడి పాత సంగతి తవ్వారా? మూడోది జరిగితే మనోడైనా సరే సున్నా వెయ్యండి. ముఖ్యంగా మనోడికే వెయ్యండి. ఎదుటోడికి మనం వేసే సున్నాను వాళ్ళు పట్టించుకోరు. సొంత పార్టీ కుర్రోడు "అన్నా, జవాబు చెప్పలేదే" అంటే మాత్రం వాళ్ళకు నిద్ర పట్టదు.

రెండోది. ఎన్నికలప్పుడు గుర్తింపున్న పార్టీలకు దూరదర్శన్‌లో, ఆకాశవాణిలో ఉచిత సమయం ఇచ్చే పద్ధతి 1998 నుంచి ఉంది. పార్టీల ప్రతినిధులతో చర్చలు పెట్టే వీలు గూడా అందులోనే ఉంది. దానికి అసలు నాయకులే రావాలని అడిగే హక్కు మనకుంది. ఒకరు మాట్టాడేటప్పుడు ఇంకొకరి మైకు ఆపెయ్యాలి. 2024 జూన్‌లో అమెరికాలో బైడెన్, ట్రంప్ చర్చకు అట్టాగే చేశారు. కేకలెయ్యటానికి వీల్లేక మాటే మిగిలింది. ఆ మాట విన్న జనం, సొంత పార్టీవాళ్ళతో సహా, బైడెన్ వల్ల గాదన్నారు. నెల తిరగకముందే ఆయన పోటీ నుంచి తప్పుకున్నాడు. సొంతోళ్ళు సున్నా వేస్తే ఏమయిద్దో దానికి ఇంతకన్నా రుజువు అక్కర్లా.

మూడోది మన చేతిలోనే ఉంది. పంచాయతీ ఎన్నికలకు టీవీలు రావు, యాంకర్లు రారు. సర్పంచికి నిలబడ్డ వాళ్ళందరినీ రచ్చబండ కాడ ఒక సాయంత్రం కూర్చోబెట్టండి. తాగునీళ్ళు, డ్రైనేజీ, పంచాయతీ నిధుల లెక్క, ఐదు ప్రశ్నలు చాలు. ఎస్సీ కాలనీ నుంచి ఒక ప్రశ్న, కోతలకు పోయే ఆడవాళ్ళ నుంచి ఒక ప్రశ్న తప్పకుండా ఉండాలి. ఫోన్లో మొత్తం రికార్డు చెయ్యండి, ముక్కలు చెయ్యబాకండి. రానోళ్ళ కుర్చీ ఖాళీగానే ఉంచి, ఆ ఖాళీ కుర్చీని గూడా వీడియోలో చూపియ్యండి.