రైతు నిద్ర సంఘమునకు పట్టని విషయమా?

మన బొబ్బిలి ప్రాంతపు గ్రామములలో ఒక రైతును మెచ్చుకొనవలసినచో "రాత్రియనక పగలనక కష్టపడును" అందురు. ఒకనిని నిందింపవలసినచో "వానికి నిద్ర ఎక్కువ" అందురు. పొద్దెక్కువరకు అరుగుమీద పండుకొని పొలమును కలుపునకు వదలువానిని నిందించుట న్యాయమే. కాని ఆ నింద పెరిగి పెరిగి, కష్టజీవి రాత్రివేళ కడుపునిండ నిద్రించుటయు ఒక లోపమన్నట్లు మనకు తోచుచున్నది. ఇది పొరపాటని మేము వ్రాయబూనితిమి.

ఎరువులు, విత్తనములు, అప్పులు, వాయిదాలు, ఇవి సంఘ పత్రికలో వ్రాయదగినవిగాని, రైతు ఎప్పుడు పండుకొనునో ఎప్పుడు లేచునో మీకేల యని కొందరు సభ్యులు మమ్మడుగవచ్చును. సంఘము అప్పు నిచ్చునది మోటారునకు గాదు, ట్రాక్టరునకు గాదు. వానిని నడపు మనుష్యునకు. ఆ మనుష్యుడు నూర్పు యంత్రమువద్ద చేయి పోగొట్టుకొనినచో ఆ బాకీ ఏ పద్దున వ్రాయుదురు?

పశువుల విషయమున మనకున్న జ్ఞానము మన విషయమున లేకపోవుట వింత. మధ్యాహ్నము అరక విప్పిన పిమ్మట ఎద్దును నీడకు కట్టి, నెమరువేయనిచ్చి, మరల కట్టుదుము. నెమరువేయని ఎద్దు సాగదని చిన్నపిల్లవాడును చెప్పును. మనుష్యునకు నిద్రయే ఆ నెమరు. పగలు నేర్చినది మనస్సున నిలుచుట, అలసిన కండరములు మరమ్మతు పొందుట, వ్యాధుల నెదుర్కొను శక్తి కూడుకొనుట, ఇవన్నియు నిద్రలోనే విశేషముగా జరుగును. 2015లో అమెరికా దేశపు నిద్రా వైద్యులు కూడి, పెద్దవారికి రాత్రి 7 గంటలకు తక్కువ కాని నిద్ర కావలయునని నిర్ణయించిరి. శరీరములోని జీవకణములలోనే ఒక గడియారము కలదని, అది పగటిరాత్రులను అనుసరించి నడచునని, దాని మర్మమును విప్పిచెప్పిన జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్ అను మువ్వురికి 2017లో నోబెల్ బహుమానము లభించినది. ఒకనాడు ఎనిమిదింటికి, ఒకనాడు పండ్రెండింటికి పండుకొనువాడు ఈ గడియారపు ముల్లును ప్రతిదినము చేతితో త్రిప్పుచున్నవాడే.

ఇక లెక్కకు వత్తము. తెల్లవారుజామున 4 గంటలకు లేచి పాలు పితికి కేంద్రమునకు పోసిన రైతు, రాత్రి 9 గంటలకు 17 గంటలు మెలకువగా నున్నవాడగును. అట్లు 17 గంటలు మేల్కొనియున్నవాని చురుకుదనము, రక్తమున నూరు మిల్లీలీటర్లకు 50 మిల్లీగ్రాముల మద్యము చేరినవాని చురుకుదనముతో సమానముగా మందగించునని శాస్త్రజ్ఞులు పరీక్షించి చెప్పిరి. మన మోటారు వాహనముల చట్టము 30 మిల్లీగ్రాములు దాటినవానిని బండి నడపనీయదు. అనగా చుక్క ముట్టని పెద్దమనిషియు ఆ వేళకు త్రాగినవానితో సమానుడే. కోతలు ముగిసిన దినములలో మన కళ్ళములు చూడుడు. వాన వచ్చునన్న భయముచేత, యంత్రము మరల దొరకదను తొందరచేత, సరిగా ఆ వేళకే దీపములు పెట్టి నూర్పు మొదలిడుదురు. యంత్రము నోటిలోనికి పనలను చేతితో అందించువాడు కునుకుపాటున ఒక్క క్షణము తూలినచో చాలును. ఆ కునుకు రెండుమూడు లిప్తలే యుండును. వచ్చినట్లు వానికే తెలియదు. రాత్రి నూర్పు తప్పనిచోట, పగలెల్ల కోసినవారిచేతనే రాత్రి నూర్పించుట మానవలయును. పగలు విశ్రమించినవానినే యంత్రము నోటివద్ద నిలుపవలయును. రెండు గంటల కొకసారి మనిషిని మార్చవలయును. దీనికి పైస ఖర్చు లేదు.

రైతు నిద్ర చెడుటకు రైతొక్కడే కారణము కాడు. 2004లో వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు వచ్చిన పిమ్మట చాలకాలము దానిని విడతలుగా ఇచ్చుచుండిరి. అందొక విడత రాత్రివేళ వచ్చెడిది. చీకటిలో తడినేలపై నడచి మోటారు మీట నొక్కబోయి ప్రాణములు గోల్పోయిన రైతులు మన రాష్ట్రమున అనేకులు. పగటివేళ 9 గంటలు ఇయ్యవలెనను ఏర్పాటు తరువాత వచ్చినది. పగటి విద్యుత్తు నీటికొరకే గాదు, నిద్రకొరకు గూడ అని మా యభిప్రాయము. ఎక్కడ అది తప్పి రాత్రికి జారునో అక్కడ సంఘము వ్రాతమూలకముగా అడుగవలయును. చెరువు నీటి వంతులును అంతే. ముసలివారికి, ఒంటరి స్త్రీలకు రాత్రి వంతు వేయుట మనము కూర్చుండి మార్చుకొనగల విషయము.

పంట కావలి మరియొకటి. మొక్కజొన్నకు అడవిపందుల బెడద, కళ్ళపు కుప్పలకు దొంగల బెడద కలవు. ఉత్తరముగా కొమరాడ, కురుపాము వైపు కొన్నియేండ్లుగా ఏనుగుల బెడదయు నున్నది. ఎవరి మంచెమీద వారు తెల్లవార్లు కూర్చుండి, తెల్లవారిన పిమ్మట కూలీలను పిలువబోవుట మన పద్ధతి. పక్కపక్క పొలములవారు నలుగురు కలసినచో ఇద్దరు పూర్వరాత్రమును, ఇద్దరు అపరరాత్రమును కాయవచ్చును. ఒక్కొక్క జతకు సగము రాత్రి నిద్ర దక్కును. మిగిలినది మధ్యాహ్నము తీర్చుకొనవచ్చును. పూర్వరాత్రము కాచువాడు పంట ఇంటికి వచ్చువరకు పూర్వరాత్రమే కాయవలయును. నేడిది రేపది అని మార్చినచో పైన చెప్పిన గడియారము ఎన్నటికిని కుదుటపడదు. సహకారమను మాటను మనము అప్పులకే వాడుచున్నాముగాని, నిజమునకు అది ఇట్టి పనులకే పుట్టినది.

1757 జనవరి 24వ తేదీ యుద్ధమును తలంచుకొని, మేలుకొని యుండుటయే బొబ్బిలివారి పౌరుషమని మా మిత్రుడొకడు వాదించును. కోటను శత్రువు చుట్టుముట్టినప్పటి మాట వేరు, ఉలవచేను మాట వేరు.

ఇప్పుడు చెప్పబోవునది మగవారు శ్రద్ధగా చదువ గోరుచున్నాము. ఉభాల దినములలో మన ఇండ్లలో మొదట లేచునది ఎవరు? కడపట పండుకొనునది ఎవరు? మూడు గంటలకు లేచి, కళ్ళాపి చల్లి, వంటచేసి, పిల్లలకు చద్ది కట్టి, మోకాలిలోతు బురదలో దినమెల్ల వంగి నాట్లు వేసి, చీకటిపడి ఇల్లు చేరి, మరల పొయ్యి ముట్టించి, అందరు తిన్న పిమ్మట అంట్లు తోమి ఆమె నడుము వాల్చునప్పటికి పది దాటును. లెక్క వేయుడు, ఐదు గంటలు. అందులో చంటిబిడ్డ ఏడ్చిన వేళలు తీసివేయవలయును. మేము గ్రామములలో విత్తనశుద్ధి గూర్చి చెప్పునప్పుడు వెనుక వరుసలోని స్త్రీలు తూలుచుండుట చూచి మగవారు నవ్వుదురు. మాకు నవ్వు రాదు. నీళ్ళు తోడిపెట్టుట, పశువులకు గడ్డి వేయుట, రాత్రి అంట్లు తీయుట, వీనిలో రెండు పనులు మగవాడు చేసినచో ఆమెకు గంటన్నర నిద్ర కలిసివచ్చును. ఇది దానము గాదు, బాకీ తీర్పు.

పండుకొను చోటు గూర్చి కొంత వివరముగా చెప్పవలసియున్నది. వేసవిలో వాకిట, వానకాలమున ఇంటిలో, నేలపైనే చాప వేసికొని పండుకొనువారు మనలో ఎందరో కలరు. కట్లపాము రాత్రివేళనే తిరుగును. ఎలుకలకొరకు ఇంటిలోనికి వచ్చును. నేలపై నిద్రించువానిని కరచును. దాని కాటు చీమకుట్టినంత నొప్పియు ఉండకపోవచ్చును. తెల్లవారునప్పటికి కడుపునొప్పి, కనురెప్పలు వాలుట, మాట ముద్దయగుట, పిమ్మట ఊపిరి ఆడకపోవుట కనిపించును. అట్టివానిని మంత్రగానివద్దకు గాక వెంటనే ఆసుపత్రికి చేర్పవలయును. విరుగుడు సూదిమందు అచ్చటనే యుండును. 2000 మొదలు 2019 వరకు మన దేశమున పాముకాటుచేత సుమారు 12 లక్షలమంది మరణించిరని పరిశోధకులు లెక్కగట్టిరి. మిక్కిలి బాధపడిన రాష్ట్రములలో మనదియు నొకటి. నేపాళ దేశపు పల్లెలలో విచారింపగా దోమతెరలో నిద్రించువారికి పాముకాటు తక్కువగా కనబడినది. మంచమెక్కి, దోమతెర అంచులను పరుపు క్రిందికి దోపి పండుకొనినవానికి పాము బెదరును, దోమ బెదరును రెండును తగ్గును.

దోమ మాట వచ్చినది గనుక ఒకటి చెప్పెదము. మలేరియా దోమకాటువలన వచ్చునను రహస్యమునకు మొదటి ఆధారము దొరకినది మన తెలుగుదేశముననే. 1897 ఆగష్టు 20వ తేదీన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో ఆ క్రిమిని కనుగొనెను. ఆ దోమ ముఖ్యముగా కుట్టునది రాత్రివేళ, మనము ఒడలు తెలియక నిద్రించు వేళ. సాలూరు, పార్వతీపురము కొండ అంచుల గ్రామములవారికి దీనిని గూర్చి మేము చెప్పనక్కరలేదు. ఎరువుల బస్తాకు అప్పునిచ్చు సంఘము, ఇంటికొక మంచమునకును దోమతెరకును చిన్న అప్పు ఏల ఈయరాదు? నాలుగు వాయిదాలలో తీరిపోవును.

త్రాగుడు గూర్చి ఎక్కువ వ్రాయము. గుక్కెడు వేసినగాని నిద్ర పట్టదనువారు కలరు. అది మొదటి జామున పడద్రోయును, రెండవ జామున లేపి కూర్చుండబెట్టును. సాయంకాలపు టీ కూడ తక్కువది కాదు. దానిలోని ఉత్తేజకము ఐదారు గంటలకు గాని సగము తగ్గదు. నాలుగు దాటిన పిమ్మట టీ మానుట మేలు. పొగాకు నిద్రను చెదరగొట్టును. మన ఉత్తరాంధ్ర స్త్రీలలో కొందరికి అడ్డపొగ అలవాటు కలదు. నిప్పుకొన నోటిలోనికి పెట్టుకొను ఆ పద్ధతివలన అంగిటికి కలుగు హానిని 10,169 మంది గ్రామస్థులను పరీక్షించి వైద్యులు 1971లో ప్రకటించిరి. రాత్రి పడకకు ముందు వెలిగించు ఆ చుట్ట అంగిటిని కాల్చును, నిద్రను పాడుచేయును. సెల్‌ఫోను గూర్చి యువకులకు చెప్పిన వినరు. దాని వెలుతురు కంటిలో పడుచున్నంతసేపు మెదడు ఇంకను పగలే యనుకొనును. పడకకు దూరముగా, దూలమునకు తగిలించి పండుకొనుడు.

మన పెద్దల అలవాట్లలో మంచిది ఒకటి కలదు: పొలమునుండి వచ్చి వేన్నీళ్ళు పోసికొని భోజనము చేయుట. పడకకు గంట రెండు గంటల ముందు అట్టి స్నానము త్వరగా నిద్ర పట్టించునని నేటి పరిశోధనలును చెప్పుచున్నవి. రోహిణీ కార్తెలో మధ్యాహ్నము అరగంట కునుకు తీయుటయు మంచిదే. మూడు దాటినదాక సాగదీసినచో రాత్రి పట్టదు.

జాతరలకు మేము విరోధులము గాము. శంబర పోలమాంబ జాతరకు, విజయనగరపు సిరిమానునకు ఒకరాత్రి మేల్కొనినచో కొంప మునగదు. కాని పెండ్లికి, పేరంటమునకు, ఓట్లకు కూడ మైకులు తెల్లవార్లు మ్రోగుట వేరు. రాత్రి 10 మొదలు ఉదయము 6 వరకు అవి మ్రోగరాదని 2000 సంవత్సరపు నియమములు చెప్పుచున్నవి. మరునాడు పరీక్ష వ్రాయు పిల్లవానికి, నాట్లకు పోవు కూలికి ఆ మాట పంచాయతి పెద్దలు గుర్తు చేయవలయును.

అన్నిటికంటె బరువైనది చివరకు మిగిలినది. మంచము, తెర, స్నానము అన్నియు నున్నను అప్పు తలపునకు వచ్చి నిద్ర పట్టని రైతులు కలరు. వారికి అలవాట్లు మార్చుకొనుడని బోధించుట ఎగతాళి. పండుకొని పొర్లాడినకొలది లెక్క పెద్దదగును. అట్టివారు పగటివేళనే సంఘ కార్యదర్శివద్ద కూర్చుండి, ఎవరికి ఎంత, వడ్డీ ఎంత, ఏ పంటమీద ఎంత తీర్పగలము అని కాగితముపై వ్రాయించుకొనవలయును. రేపు చేయవలసిన పనులను పడకకు ముందు ఐదు నిమిషములు వ్రాసికొనినవారికి త్వరగా నిద్రపట్టినదని అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయమువారు 2018లో కనుగొనిరి. చదువురానివారు ఇంటిలోని పిల్లవానిచేత వ్రాయింపవచ్చును. వారముల తరబడి నిద్రలేక, బ్రదుకు వలదను తలంపు వచ్చువారిని మాత్రము ఒంటరిగా విడువరాదు. 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో పైకము లేకుండ తెలుగులోనే సలహా చెప్పుదురు. ఆ సంఖ్యను సంఘ కార్యాలయపు గోడపై పెద్ద అక్షరములతో వ్రాయింప ప్రార్థన.

పెద్దగా గురకపెట్టుచు, నడుమ ఊపిరి ఆగి ఉలికిపడి లేచువారు, రాత్రి పలుమారులు మూత్రమునకు లేచువారు వైద్యునకు చూపించుకొనవలయును. మందుల దుకాణములో అడిగి నిద్రమాత్రలు మ్రింగరాదు.

మంచములు తెరలకు అప్పు, కావలి వంతులు, నూర్పు యంత్రమువద్ద మనుష్యుల మార్పు, ఈ మూడింటిని వచ్చు సర్వసభ్య సమావేశమున చర్చకు పెట్టవలసినదని కార్యదర్శిగారిని కోరుచున్నాము. ఆ సమావేశమును వాడుక ప్రకారము రాత్రి భోజనములైన పిమ్మట గాక, పగలు మూడు గంటలకు పెట్టినచో స్త్రీ సభ్యులును రాగలరు.