ఉపవాసం, డైట్, గ్యాస్: ఆహార రుగ్మతలను మరుగుపరుస్తున్న మాటలు

2025 మార్చిలో కేరళలో ఒక కళాశాల విద్యార్థిని తీవ్ర పోషకాహార లోపంతో మరణించడం దేశమంతటా చర్చకు దారితీసింది. బరువు పెరుగుతానన్న భయంతో ఆమె నెలల తరబడి సరిగా తినలేదని, ఇంట్లో పెట్టిన ఆహారాన్ని దాచిపెట్టేదని వార్తలు వెలువడ్డాయి. చర్చ మాత్రం ఆన్‌లైన్ డైట్ సలహాల చుట్టూనే తిరిగింది. ఒకే ఇంట్లో ఉన్నవారి కంటికి కూడా ఇటువంటి జబ్బు ఎలా ఆనదన్న ప్రశ్నకు అంత చోటు దక్కలేదు.

ఇందుకు కొంత కారణం మాటల్లోనే ఉంది. అనొరెక్సియా అన్న గ్రీకు పదానికి ఆకలి లేకపోవడమని అర్థం. నిజానికి ఈ రోగుల్లో చాలామందికి ఆకలి వేస్తూనే ఉంటుంది; దానిని అణచుకోవడంలోనే జబ్బు ఉంది. తెలుగులో చిక్కు మరో రకం. ‘తిండి సహించడం లేదు’, ‘అరుచి’, ‘గ్యాస్’ వంటివన్నీ కడుపుకు సంబంధించిన మాటలే. తినడమంటేనే భయపడే స్థితికి వాడుకలో పేరు లేదు. హాంకాంగ్‌లో మనోవైద్యుడు సింగ్ లీ 1990లలో పరిశీలించిన రోగుల్లో పలువురు లావవుతామన్న భయం గురించి చెప్పనే లేదు. కడుపు ఉబ్బరమనే చెప్పారు. భారతీయ మనోవైద్యుల నివేదికల్లోనూ ఇటువంటి కేసులు ఉన్నాయి. అందుకే కుటుంబాలు ముందుగా కడుపు డాక్టరు దగ్గరకు వెళ్తాయి, యాంటాసిడ్‌తో తిరిగివస్తాయి.

ఉపవాసం ఇంకొక తెర. శనివారాలు, ఏకాదశులు, కార్తీక సోమవారాలు పాటించే ఇంట్లో ఒక పూట తినకపోవడం ఎవరికీ వింతగా తోచదు, తోచనక్కర్లేదు కూడా. అయితే కార్తీక సోమవారం నాడు నక్షత్ర దర్శనం కాగానే విస్తరి వేస్తారు. ఉపవాసానికి ముగింపు ఉంటుంది. జబ్బుకు ఆ ముగింపు రాదు. మొదట మిఠాయి మానేస్తారు, తరువాత నూనె, ఆ తరువాత అన్నం, చివరికి రాత్రి భోజనం. ఒక నియమం కుదురుకోగానే మరొకటి మొదలవుతుంది. నియమం తప్పిన రోజు పట్టరాని ఆందోళన, తమను తాము శిక్షించుకోవడం కనిపిస్తాయి.

గమనిస్తే ఆనవాళ్లు భోజనాల దగ్గరే దొరుకుతాయి. కంచం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతూ ఉండడం, ‘కాలేజీలో తినేశాను’ అన్న జవాబు రోజూ వినిపించడం, ఇంటిల్లిపాదికీ ఇష్టంగా వండిపెట్టి తాను ముట్టకపోవడం, పెళ్లి విందులకు ఏదో ఒక సాకుతో దూరంగా ఉండడం వంటివి అవి. రోజుకు పలుమార్లు బరువు చూసుకోవడం, ఎండాకాలంలోనూ వదులైన మందపాటి దుస్తులు వేసుకోవడం, అందరికీ ఉక్కగా ఉన్నప్పుడు చలి అనడం, నెలసరి ఆగిపోవడం వీటికి తోడవుతాయి. ఏ ఒక్కటీ దానికదే రుజువు కాదు. కొన్ని కలిసి వారాల తరబడి కొనసాగితే మాత్రం ఉపేక్షించకూడదు.

సన్నబడడమొక్కటే గుర్తు అనుకోవడం పెద్ద పొరపాటు. 1979లో బ్రిటిష్ మనోవైద్యుడు జెరాల్డ్ రస్సెల్ వర్ణించిన బులీమియా ఉన్నవారి బరువు తరచూ మామూలుగానే ఉంటుంది. తినగానే స్నానాలగదిలోకి వెళ్లడం, లోపల కుళాయి తిప్పి ఉంచడం, చెంపల వాపు, పళ్ల ఎనామెల్ అరగడం దీని గుర్తులు. ముందుగా కనిపెట్టేది దంతవైద్యులే కావచ్చు. పదేపదే వాంతులైతే రక్తంలో పొటాషియం పడిపోయి గుండె లయ తప్పే ముప్పు ఉంది. అదుపు తప్పి, చాటుగా, వేగంగా తినేసి సిగ్గుతో కుంగిపోయే బింజ్ ఈటింగ్‌ను అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో ప్రత్యేక రుగ్మతగా చేర్చింది. మగపిల్లల్లో ఈ లక్షణాలు జిమ్ క్రమశిక్షణగా చలామణీ అవుతాయి. ‘బాగా తగ్గావే’ అన్న మెచ్చుకోలు అందరికన్నా ముందు చేరేది కూడా జబ్బుపడిన వారికే.

ఇంటి భోజనం దగ్గర చూసే కళ్లు హాస్టల్‌లో ఉండవు. తెలుగు రాష్ట్రాల్లో లక్షలాది ఇంటర్ విద్యార్థులు రెసిడెన్షియల్ కళాశాలల్లో చదువుతున్నారు. మార్కులు తగ్గితే ఇంటికి ఫోను వెళ్తుంది. మెస్‌లో కంచం ముట్టకపోతే వెళ్లదు.

అనుమానం వచ్చినప్పుడు నలుగురిలో శరీరం గురించి మాట్లాడడం, బలవంతంగా తినిపించడం మేలు చేయవు. ‘మాతో కలిసి తిని చాలా రోజులైందమ్మా, ఏం జరుగుతోంది?’ అని ఒంటరిగా ఉన్నప్పుడు అడగడం వేరు. దీర్ఘకాలం పస్తులున్న శరీరానికి ఒక్కసారిగా ఎక్కువ ఆహారం ఇవ్వడం ప్రాణాపాయమూ కాగలదు కాబట్టి ఆహారం పెంచడం వైద్యుల పర్యవేక్షణలోనే జరగాలి. నాడి, రక్తపోటు, పొటాషియం, ఈసీజీ పరీక్షలు ముందు చేయించాలి. రక్తపరీక్షలు మామూలుగా వచ్చినంత మాత్రాన జబ్బు లేదనలేము. కౌమార వయస్కుల చికిత్సలో తల్లిదండ్రులే ప్రధాన భాగస్వాములు.

2022 అక్టోబరులో కేంద్రం ప్రారంభించిన టెలి మానస్ సేవ 14416 నంబరులో తెలుగులోనూ అందుబాటులో ఉంది. స్పృహ తప్పడం, గుండె దడ, ఛాతీ నొప్పి, నీళ్లు కూడా నిలవకపోవడం, చనిపోవాలన్న మాటలు ఉంటే ఫోను దగ్గర ఆగకుండా వెంటనే ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకువెళ్లాలి.