క్రీ పిల్లల బడికి పోయే తమ్ముడికి

మా దగ్గర చదువుకున్న పల్లె కుర్రాడొకడు కెనడాలో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడ జేమ్స్ అఖాతం తూర్పు ఒడ్డున, క్యుబెక్ రాష్ట్రంలో, క్రీ అనే ఆదివాసీ జాతి ఊళ్లున్నాయి. అలాంటి ఒక ఊరి బడిలో వాలంటీరుగా చేరబోతున్నానని మొన్న ఫోన్ చేశాడు. "మాస్టారూ, మనం చదువుతోనే మనుషులమయ్యాం. ఆ పిల్లలక్కూడా అదే చెబుతా" అన్నాడు. సంతోషమే. కానీ ఆ మాట మమ్మల్ని రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు. మన పిల్లలు ఇప్పుడు దేశదేశాలకు పోతున్నారు గనుక, అతనికి చెప్పాల్సింది అందరికీ చెబుదామనుకున్నాం.

మనకు బడి అంటే మూసిన తలుపు. మా తాతలు బడి అరుగెక్కి ఎరగరు. మా ఇంట్లో డిగ్రీ పాసైంది మొదట మేమే. విడిగా కూర్చోబెట్టినా, మా పల్లె మాటను వెక్కిరించినా ఆ గడప వదల్లేదు. లోపలికి పోవడమే మన పోరాటం అయింది.

క్రీ జనానికి అలా కాదు. వాళ్ల పిల్లల్ని లోపలికి లాగి బయట గడియ పెట్టారు! 1883 నుంచి కెనడా ప్రభుత్వం చర్చీలతో కలిసి నడిపిన రెసిడెన్షియల్ స్కూళ్లలోకి దాదాపు 1,50,000 మంది ఆదివాసీ పిల్లల్ని తీసుకుపోయారు. 1920లో చట్టం చేసి మరీ నిర్బంధం చేశారు. జుట్టు కత్తిరించారు. పేర్లు మార్చారు. అమ్మ భాష మాట్లాడితే కొట్టారు. అదే అఖాతం పడమటి ఒడ్డున, ఫోర్ట్ ఆల్బనీలోని సెయింట్ ఆన్స్ స్కూల్లో పిల్లల్ని కరెంటు కుర్చీలో కూర్చోబెట్టి షాకులిచ్చారు. ఇలాంటి స్కూళ్లలో చివరివి మూతపడింది 1990లలో. అంటే అక్కడ చదివినవాళ్లు ఇంకా బతికే ఉన్నారు. ఇది సాంస్కృతిక జాతిహననం అని 2015లో ఆ దేశపు సత్య, సయోధ్య కమిషనే తేల్చింది. 2022 జూలైలో పోప్ ఫ్రాన్సిస్ ఆల్బర్టాలోని క్రీ గడ్డ మస్క్వాచీస్‌కు పోయి క్షమాపణ అడిగాడు.

మనలో చాలామందికి మొదటి పలక చేతికిచ్చింది మిషన్ బడే. అక్కడ పలక పేరుతో బిడ్డల్ని గుంజుకున్నదీ మిషన్ బడే. రెండూ నిజాలే. ఒకటి చూపి రెండోదాన్ని కొట్టేయకూడదు.

అందుకే తమ్ముడూ, బడి గేటు దగ్గర ఒక ముసలమ్మ నిన్ను చూసి పలకరించకుండా ఊరుకుంటే "వీళ్లకు చదువు విలువ తెలీదు" అనకు. ఆ మాట మన అమ్మల్ని కూడా అన్నారు.

మరి వాళ్లు బడి వద్దన్నారా? లేదు. మా బడి మా చేతుల్లో ఉండాలన్నారు. క్యుబెక్ ప్రభుత్వం ఆనకట్టలు కట్టి వేట నేలను ముంచబోతే క్రీలు కోర్టుకెక్కారు. ఆనకట్టలు ఆగలేదు. కానీ 1975 ఒప్పందంలో తమ చదువు మీద అధికారం రాయించుకున్నారు. 1978లో క్రీ స్కూల్ బోర్డు పెట్టుకున్నారు. చిన్న తరగతుల్లో క్రీ భాషలో చదువు తెచ్చుకున్నారు. వసంతంలో వలస బాతుల వేటకు, చలికాలం ముందు మూస్ అనే పెద్ద దుప్పి వేటకు ఆ బళ్లు సెలవిస్తాయి. తాత వెంట అడవికి పోవడం కూడా అక్కడ చదువే.

పడమటి ఒడ్డున అట్టవాపిస్కాట్ అనే క్రీ ఊరిది ఇంకో కథ. 1979లో డీజిల్ కారి బడి కింద నేల పాడైంది. 2000లో బడి మూసేశారు. పిల్లలు ఏళ్ల తరబడి తాత్కాలిక గదుల్లో, చలిలో చదివారు. 2008లో 8వ తరగతి పిల్లలు విహారయాత్ర మానుకుని ఒట్టావా పోయి మంత్రిని నిలదీశారు. వాళ్లలో ముందు నిలబడ్డ షానెన్ కూస్టాచిన్ 2010లో, 15 ఏళ్లకే, రోడ్డు ప్రమాదంలో చనిపోయింది. కొత్త బడి 2014లో గానీ రాలేదు. ఈ పిల్లలకా మనం చదువు విలువ చెప్పేది?

నువ్వు పోవద్దని కాదు. పో. పోలీసు ధ్రువపత్రం తెమ్మంటే నొచ్చుకోకు. ఆ పిల్లలకు జరిగినదానికి ఆ జాగ్రత్త న్యాయం. ఎన్నాళ్లుంటావో ముందే చెప్పు, చెప్పినన్నాళ్లూ ఉండు. బస్సు టైము చూసుకుని పోయే పంతుళ్ల చేతుల్లో మన పల్లె బళ్లు ఏమయ్యాయో నీకు తెలుసు. పిల్లల ఫోటోలు తీసి దయ చాటుకోకు. అక్కడి క్రీ టీచరు ఏ పని చెబితే ఆ పని చెయ్యి. నల్లబల్ల తుడవమంటే తుడువు. "వాచియా" అని వాళ్ల భాషలో దండం పెట్టడం ముందు నేర్చుకో. తప్పు పలికితే పిల్లలు నవ్వుతారు, నవ్వనీ.

మేమూ ఒకటి ఒప్పుకోవాలి. మా మాటను వెక్కిరించిన పంతుళ్లను తిట్టుకుంటూనే, ఇన్నేళ్లుగా మా పల్లె పిల్లల మాటను "అలా కాదు, ఇలా అను" అని దిద్దింది మేమే. నీ ఫోన్ వచ్చాకే అది మాకు తట్టింది. బడిలోకి పోయే హక్కు సాధిస్తే పని అయిపోయిందనుకున్నాం. లోపల ఎవరి భాష, ఎవరి కథ, ఎవరి పెత్తనం అని అడగడం మరిచాం. క్రీలు ఆ ప్రశ్న ఎప్పుడో అడిగారు, జవాబూ కట్టుకుంటున్నారు. అది ఎలాగో దగ్గరుండి చూసి, తిరిగొచ్చి మా బడిలో చెప్పు. మేం బెంచీ మీద కూర్చుని వింటాం.